విమానం చేతులు మారే చోటు

గేటు దగ్గర కదలడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆకాశంలో తన దారి పట్టేదాకా ఒక విమానం కనీసం ముగ్గురు నలుగురు కంట్రోలర్ల చేతులు మారుతుంది. ఏ దారిన, ఏ ఎత్తుకు వెళ్లాలో అనుమతి చదివి వినిపించేది ఒకరు. టాక్సీవేల మీద నడిపించి రన్‌వే అంచు దాకా తెచ్చేది గ్రౌండ్ కంట్రోలర్. రన్‌వే మీద సర్వాధికారం టవర్ కంట్రోలర్‌ది. గాలిలోకి లేచాక దాన్ని అందుకునేది రాడార్ తెర ముందు కూర్చున్న అప్రోచ్ కంట్రోలర్. వీళ్లు పైలట్లతో మాట్లాడే మాటలు సినిమాల్లోనూ వార్తల్లోనూ వినిపిస్తుంటాయి. తమలో తాము మాట్లాడుకునే మాటలు మాత్రం బయటికి రావు. ఈ వృత్తి వందేళ్ల చరిత్రలో కీలకమైన మార్పులు ఎన్నో ఆ రెండో రకం మాటల చుట్టూనే జరిగాయి. పెద్ద ప్రమాదాలు కొన్నింటి మూలాలు కూడా అక్కడే బయటపడ్డాయి.

ప్రపంచంలో మొదటి కంట్రోల్ టవర్‌గా పేరు పొందినది లండన్‌కు దక్షిణాన క్రోయిడన్ విమానాశ్రయంలోనిది. 1920లో బ్రిటిష్ వైమానిక శాఖ కట్టించిన ఆ కట్టడం నేలకు 15 అడుగుల ఎత్తున, నాలుగు వైపులా పెద్ద కిటికీలతో ఉండేది. అక్కడి అధికారులు మొదట్లో చేసింది నియంత్రణ కంటే సమాచారం ఇవ్వడమే. వాతావరణం, దారిలో ఎదురయ్యే విమానాలు, పైలట్ ఎక్కడున్నాడు అన్నవి రేడియోలో చెప్పేవారు. 1922 ఏప్రిల్ 7న ఉత్తర ఫ్రాన్సులోని పికార్డీలో, పొగమంచులో, లండన్ నుంచి పోతున్న విమానమూ పారిస్ నుంచి వస్తున్న విమానమూ ఢీకొని ఏడుగురు మరణించారు. ఆకాశం ఎంత విశాలమైనా పైలట్లందరూ ఒకే రోడ్డునో రైలు పట్టానో చూసుకుంటూ ఎగిరితే అది ఇరుకు సందే అవుతుందని ఆ రోజు తెలిసింది. ఆ తరువాతే నిర్ణీత మార్గాల గురించీ, కంట్రోలర్లు ఇచ్చే సమాచారం గురించీ పట్టుదల పెరిగింది.

క్రోయిడన్‌లో కంట్రోలర్ల మధ్య సమన్వయానికి తొలి రూపం కనిపిస్తుంది. దారి తెలియని పైలట్ రేడియోలో తన స్థానం అడిగితే క్రోయిడన్, లింప్, పుల్హమ్ కేంద్రాలు మూడూ ఆ సంకేతం ఏ దిక్కు నుంచి వస్తోందో కొలిచేవి. మిగతా రెండు కేంద్రాలు తమ కొలతను క్రోయిడన్‌కు పంపేవి. అక్కడ పటం మీద మూడు గీతలు కలిసిన చోటే విమానం. ఒకరి కొలత తప్పితే గీతలు కలవవు. ముగ్గురు తమ పని సరిగ్గా చేసి, ఒకరికొకరు సకాలంలో చెప్పుకుంటేనే నాలుగో మనిషికి, అంటే పైలట్‌కు, దారి దొరికేది.

అమెరికాలో కథ ఒంటరి మనిషితో మొదలైంది. 1929లో సెయింట్ లూయిస్ నగరంలోని లాంబర్ట్ ఫీల్డులో ఆర్చీ లీగ్ ఒక తోపుడుబండి మీద కుర్చీ, ఎండ గొడుగు, నోటుపుస్తకం, రెండు జెండాలు పెట్టుకుని మైదానంలోకి వెళ్లేవాడు. గళ్ల జెండా చూపితే కదలవచ్చు, ఎర్ర జెండా చూపితే ఆగాలి. మరుసటి ఏడాది క్లీవ్‌లాండ్ విమానాశ్రయంలో రేడియో ఉన్న టవర్ వచ్చింది. ఇంతదాకా టవర్‌కు కనిపించినంత మేరే దాని రాజ్యం. సాయంత్రం మబ్బు పట్టినప్పుడు నాలుగైదు విమానాలు ఒకేసారి వచ్చి పడితే టవర్ చేయగలిగింది తక్కువ. అవి వస్తున్నాయని ముందుగా చెప్పేవాళ్లే లేరు.

ఆ లోటు తీర్చడానికి 1935 డిసెంబరులో న్యూజెర్సీలోని న్యూఆర్క్ విమానాశ్రయంలో కొన్ని విమాన సంస్థలు కలిసి తమ ఖర్చుతో ఒక గది తెరిచాయి. ఎర్ల్ వార్డ్ దాని బాధ్యత చూశాడు. తరువాతి ఏడాది షికాగోలో, క్లీవ్‌లాండ్‌లో అలాంటివే వెలిశాయి. 1936 జూలై 6న ఈ మూడింటినీ అమెరికా ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. గది మధ్య పెద్ద బల్ల మీద పటం, గోడకు నల్లబల్ల, పక్కన టెలిఫోన్లు, అంతే సరంజామా. ఒక్కో విమానానికి ఒక్కో చిన్న గుర్తు. విమానం జరిగినట్టు అంచనా వేసిన మేరకు గుర్తును చేత్తో జరిపేవారు. ఈ కంట్రోలర్లకు పైలట్‌తో నేరుగా రేడియో సంబంధం లేదు. వాళ్లు విమాన సంస్థ కార్యాలయానికి ఫోన్ చేసేవారు, ఆ కార్యాలయం పైలట్‌కు రేడియోలో చెప్పేది. జవాబు మళ్లీ అదే దారిలో వెనక్కి వచ్చేది. ఒక్క ఆదేశం నాలుగు నోళ్లు మారేది. మాట నోరు మారిన ప్రతిసారీ ఒక అంకె జారిపోయే అవకాశం ఉంటుంది. అందుకే విన్నది తిరిగి చెప్పి ఖాయం చేసుకోవడం, ఫోన్ మాట ముగింపులో తన పేరుకు గుర్తుగా రెండు అక్షరాలు చెప్పడం అలవాటయ్యాయి. ఆ రెండు అక్షరాల ఆచారం అమెరికా కేంద్రాల్లో ఈనాటికీ నడుస్తోంది. ఆ మాట ఎవరు ఇచ్చారన్నది రికార్డులో తేలిపోతుంది.

నల్లబల్ల మీద రాసినది తుడిస్తే పోతుంది. దాని స్థానంలో వచ్చిన కాగితపు స్ట్రిప్ ఈ వృత్తికి గుండెకాయ అయింది. వేలి వెడల్పు కాగితం మీద విమానం పేరు, రకం, ఎత్తు, దారి, సమయం రాసి, దాన్ని ఒక పట్టీలో బిగించి, ఏటవాలు చట్రంలో వరుసగా నిలబెట్టేవారు. ఎత్తు మారితే పాత అంకెను చెరపరు, కొట్టేసి పక్కన కొత్తది రాస్తారు. కాబట్టి ఆ విమానానికి ఎప్పుడు ఏం చెప్పారో మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. చట్రంలో స్ట్రిప్ ఉన్న స్థానానికీ అర్థం ఉంది. పైన ఉన్నది తరువాత వచ్చేది, కింద ఉన్నది ఇప్పుడు రన్‌వే మీదికి రాబోయేది అని ఒక్కో టవర్ ఒక్కో ఏర్పాటు చేసుకుంది. పక్కకు వంచి పెట్టిన స్ట్రిప్ అంటే ఇంకా తేలని పని మిగిలి ఉందని గుర్తు. రన్‌వే మీద బండి ఉంటే ఆ వరుసకు అడ్డంగా ఎర్ర పట్టీ పెడతారు. అది తీసేదాకా ఎవరికీ అనుమతి ఇవ్వకూడదు.

స్ట్రిప్ విలువంతా అది చేతికి చేయి మారడంలో ఉంది. గ్రౌండ్ కంట్రోలర్ ఆ పట్టీని టవర్ కంట్రోలర్ ముందు పెట్టిన క్షణం నుంచి విమానం అతనిది. రాడార్ గది టవర్ కింద ఉన్న చోట్ల స్ట్రిప్‌ను గొట్టంలోంచి కిందికి జారవిడిచేవారు. ఒంటి పట్టా రైలు మార్గంలో స్టేషన్ మాస్టర్ ఇచ్చిన టోకెన్ చేతిలో ఉంటేనే డ్రైవర్ ముందుకు కదిలే పాత పద్ధతిని ఎరిగినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక విమానం ఒక క్షణంలో ఒక్కరిది మాత్రమే కావాలి. ఇద్దరిదైతే ఒకరి ఆదేశాన్ని ఇంకొకరి ఆదేశం కొట్టేస్తుంది. ఎవరిదీ కాకపోతే అంతకంటే ప్రమాదం.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత రాడార్ విమానాశ్రయాలకు వచ్చింది. దాని శక్తి లోకానికి తెలిసింది 1948-49లో బెర్లిన్‌లో. సోవియట్ దిగ్బంధంలో ఉన్న పశ్చిమ బెర్లిన్‌కు మూడు ఆకాశ మార్గాల గుండా ఆహారం, బొగ్గు మోసుకొచ్చిన విమానాలు 1949 ఏప్రిల్‌లో ఒక్క రోజులో 1,398 సార్లు దిగాయి. దీనికి ముందు 1948 ఆగస్టు 13న వానలో, మబ్బులో విమానాలు నగరం పైన ఒకదాని మీద ఒకటి చుట్లు తిరుగుతూ పోగుపడి గందరగోళమైంది. ఆ అనుభవంతో నియమం మారింది. ఒకసారి దిగలేకపోయిన విమానం మళ్లీ ప్రయత్నించకుండా సరుకుతోనే వెనుదిరగాలి. అదే నగరంలో ఇంకో సంగతి తక్కువమందికి తెలుసు. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ కంట్రోలర్లు ఒకే గదిలో కూర్చుని విమానాల వివరాల చీటీలు ఒకరికొకరు అందించుకునేవారు. దిగ్బంధం నడిచిన రోజుల్లో కూడా ఆ గది మూతపడలేదు. 1990 చివరిదాకా పనిచేసింది.

రాడార్ వచ్చినంత మాత్రాన ఇద్దరు కంట్రోలర్ల మధ్య ఖాళీ పూడలేదు. 1960 డిసెంబరు 16న న్యూయార్క్ మీద అది బట్టబయలైంది. ఒక విమానం లాగార్డియాలో దిగడానికి, ఇంకొకటి ఐడిల్‌వైల్డ్‌లో దిగడానికి వస్తున్నాయి. రెండు విమానాశ్రయాలూ ఒకే నగరంలోనివి, రెండింటి అప్రోచ్ గదులు వేరు. ఐడిల్‌వైల్డ్‌కు పోవలసిన విమానం తాను చుట్లు తిరగాల్సిన చోటును దాటి చాలా మైళ్లు ముందుకు వచ్చేసింది. అప్పటికే, విమానాశ్రయాల మధ్య దారిలో ఉన్న విమానాలను చూసే మార్గకేంద్రం దాని మీద రాడార్ సేవ ముగిసిందని చెప్పి అప్రోచ్‌కు అప్పగించింది. అప్పగింత మాటల్లో జరిగిందే గానీ, తెర మీద ఇదిగో ఈ చుక్క అని ఒకరు చూపి ఇంకొకరు గుర్తుపట్టడం జరగలేదు. లాగార్డియా కంట్రోలర్‌కు తన తెర మీద గుర్తు తెలియని చుక్క ఒకటి కనిపించింది. తన విమానాన్ని హెచ్చరించాడు. ఆ చుక్క ఎవరిదో మాత్రం అతనికి తెలిసే వీలు లేదు. రెండు విమానాలూ ఢీకొని 134 మంది చనిపోయారు, వారిలో ఆరుగురు బ్రూక్లిన్ వీధుల్లో ఉన్నవారు. 1960లు ముగిసేలోగా న్యూయార్క్ విమానాశ్రయాల అప్రోచ్ కంట్రోలర్లను ఒకే గదిలోకి చేర్చారు. గోడ తీసేయడమే ఆ ప్రమాదానికి సరైన జవాబు. ఆ తరువాత కంప్యూటర్లు వచ్చాక, పక్క సెక్టార్‌కు, అంటే ఆకాశంలో పక్క భాగం చూసే కంట్రోలర్‌కు, ఇవ్వదలచిన విమానం పేరు అవతలి తెర మీద మినుకుమంటుంది. అవతలివారు మీట నొక్కి స్వీకరిస్తేనే అప్పగింత పూర్తవుతుంది.

మాట నోటితో, స్ట్రిప్ చేత్తో మారే పద్ధతి ఎక్కడ తెగిపోతుందో 1976 సెప్టెంబరు 10న జాగ్రెబ్ చూపింది. అప్పట్లో యూగోస్లావియాలోని ఆ కేంద్రం ఐరోపాలోనే అత్యంత రద్దీ అయినవాటిలో ఒకటి, సిబ్బంది మాత్రం చాలరు. మధ్య ఎత్తుల కంట్రోలర్ స్ప్లిట్ నుంచి వస్తున్న డీసీ-9 విమానాన్ని ఇంకా పైకి పంపాలనుకున్నాడు. పై ఎత్తుల బల్ల దగ్గర ఆ నిమిషాన ఒక్కడే ఉన్నాడు. అతనికి తోడుండవలసిన మనిషి, ఆలస్యమైన తరువాతి షిఫ్టు ఉద్యోగిని వెతకడానికి వెళ్లాడు. పై బల్ల కంట్రోలర్ ఊపిరి సలపని పనిలో ఉండగా స్ట్రిప్ అతని ముందుకు వచ్చింది గానీ, ఆ విమానం సంగతి పూర్తిగా మాట్లాడుకోవడం కుదరలేదు. డీసీ-9 పైకెక్కుతూ వచ్చి అతన్ని పిలిచేసరికి లండన్ నుంచి ఇస్తాంబుల్ వెళ్తున్న ట్రైడెంట్ విమానం అదే దారిలో ఉంది. అతను కంగారులో ఇంగ్లీషు వదిలి మాతృభాషలో, ఇప్పుడున్న ఎత్తులోనే ఆగమన్నాడు. తెర మీద ట్రైడెంట్ ఎత్తు కొంచెం ఎక్కువగా కనిపిస్తోంది. నిజానికి అది ఉన్నది సరిగ్గా డీసీ-9 ఆగిన 33,000 అడుగుల దగ్గరే. 176 మంది ప్రాణాలు పోయాయి. శిక్ష పడింది ఆ ఒక్క కంట్రోలర్‌కు, ఏడేళ్ల జైలు. ఇతర కంట్రోలర్ల విజ్ఞప్తుల తరువాత 1978లో విడుదలయ్యాడు. ఆ తీర్పు అన్యాయమన్నది ఈ వృత్తిలో ఉన్నవారి స్థిరమైన అభిప్రాయం, దానికి గట్టి కారణముంది. తప్పు జరిగింది రెండు బల్లల నడుమ, శిక్ష పడింది ఒక బల్లకు.

1991 ఫిబ్రవరి 1న లాస్ ఏంజెలెస్‌లో ఒకే టవర్‌లో ఇదే లోటు కనిపించింది. సాయంత్రం చీకటి. టవర్ కంట్రోలర్ ఒక చిన్న విమానాన్ని రన్‌వే మీదికి వచ్చి ఆగమని చెప్పాక, మరో చిన్న విమానం టేకాఫ్‌కు సిద్ధమంటూ పిలిచింది. దాని స్ట్రిప్ కంట్రోలర్ ముందు లేదు, టవర్‌లోనే ఇంకో బల్ల దగ్గర ఉండిపోయింది. దాని వెతుకులాటలో రన్‌వే మీద ఆగి ఉన్న విమానం మనసు నుంచి జారిపోయి, దిగే బోయింగ్‌కు అనుమతి దక్కింది. 35 మంది మరణించారు. నేల మీది విమానాలను చూపే రాడార్ ఆ రోజు పనిచేయడం లేదు. దర్యాప్తు సంస్థ తప్పును ఒక్క మనిషి మీద మోపి వదిలేయలేదు. ఒకరు మరిచినది ఇంకొకరి కంట పడే ఏర్పాటు ఆ టవర్‌లో లేకపోవడాన్ని ప్రధాన కారణంగా చెప్పింది. మిలాన్‌లోని లినాటేలో 2001 అక్టోబరు 8న దట్టమైన మంచులో దారి తప్పిన చిన్న జెట్ గ్రౌండ్ ఫ్రీక్వెన్సీ మీద ఉంది, టేకాఫ్‌కు పరుగెత్తుతున్న విమానం టవర్ ఫ్రీక్వెన్సీ మీద ఉంది. ఒకరి మాట ఇంకొకరికి వినపడే వీలే లేదు. అక్కడ చనిపోయినవారు 118 మంది.

టెలిఫోన్ విలువ ఎంతో జర్మనీ, స్విట్జర్లాండ్ సరిహద్దున యూబర్లింగెన్ మీద 2002 జూలై 1 రాత్రి తెలిసింది. జ్యూరిక్ కేంద్రంలో ఒకే కంట్రోలర్ రెండు బల్లలు చూస్తున్నాడు, రెండోవారు విశ్రాంతికి వెళ్లారు. మరమ్మతుల కోసం ముఖ్య టెలిఫోన్ వ్యవస్థ ఆపేశారు, ప్రత్యామ్నాయ లైన్ పనిచేయలేదు. ఆలస్యంగా వస్తున్న ఒక ఎయిర్‌బస్ ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో దిగాలి. ఆ విమానాశ్రయ టవర్‌కు ఈ కబురు చెప్పడానికి అతను మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూ రెండో బల్ల దగ్గరే ఉండిపోయాడు. అటు పక్క జర్మనీలోని కార్ల్స్‌రూహ్ కంట్రోలర్లకు మరో రెండు విమానాలు ఢీకొనబోతున్నాయని హెచ్చరిక ముందే కనిపించింది. వాళ్లూ జ్యూరిక్‌కు ఫోన్ చేశారు, కలవలేదు. చూసినవారికి చెప్పే దారి లేదు, చెప్పవలసినవారికి చూసే తీరిక లేదు. రెండు విమానాల్లోని 71 మందీ మరణించారు, వారిలో చాలామంది పిల్లలు.

భారతదేశంలో ఈ వృత్తికి శిక్షణ 1948లో అలహాబాదులో మొదలైన పౌర విమానయాన శిక్షణ కేంద్రంతో స్థిరపడింది. 1995 ఏప్రిల్ 1న ఏర్పడిన విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఇప్పుడు పౌర విమానాశ్రయాల్లో ఈ పని చూస్తోంది. ఈ దేశంలో సమన్వయానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఆకాశంలో పెద్ద భాగం సైన్యం చేతిలో ఉంటుంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన రెండు విమానాలు ఢీకొని 349 మంది మరణించడానికి తక్షణ కారణం కజకిస్తాన్ విమానం తనకు చెప్పిన 15,000 అడుగుల కంటే కిందికి దిగడం. ఆ వెనుక ఉన్న పరిస్థితి మాత్రం ఢిల్లీది. చుట్టూ వైమానిక దళ పరిధి ఉండటంతో వచ్చే విమానాలకూ వెళ్లే విమానాలకూ ఒకే ఇరుకు దారి మిగిలింది. కంట్రోలర్ తెర మీద చుక్కలు కనిపించేవే గానీ వాటి ఎత్తు కనిపించేది కాదు. ప్రమాదం తరువాత రాకపోకలకు వేర్వేరు దారులు ఏర్పడ్డాయి, ఎత్తును చూపే రాడార్ వచ్చింది, ఢీకొనే ముప్పును పైలట్‌కే చెప్పే యంత్రాన్ని తప్పనిసరి చేశారు.

తెలుగు నేల మీద కూడా ఈ పౌర సైనిక సరిహద్దు రోజూ దాటవలసిందే. విశాఖపట్నం రన్‌వే నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగాది. అక్కడ దిగే ప్రయాణికుల విమానాలతో మాట్లాడేది నౌకాదళ కంట్రోలర్లే. హైదరాబాదులో 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలై బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు ఆగిపోయాక కూడా నగరం చుట్టూ ఆకాశం ఒక్కరిది కాలేదు. దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీ, హకీంపేట శిక్షణ కేంద్రం అదే ఆకాశాన్ని వాడుకుంటాయి. శంషాబాద్ కంట్రోలర్లు తమ విమానాలను చెన్నై గగనతల సమాచార ప్రాంతంలోని మార్గ కంట్రోలర్లకు అప్పగించాలి, శిక్షణ విమానాల కదలికలను వైమానిక దళం నుంచి తెలుసుకోవాలి. ఏ ఎత్తులో, ఏ బిందువు దగ్గర, ఎన్ని మైళ్ల ఎడంతో అప్పగించాలన్నది ముందే రాసుకున్న ఒప్పంద పత్రాల్లో ఉంటుంది. మాట్లాడుకోవలసినది తగ్గించడం కూడా సమన్వయమే. పది మామూలు సందర్భాలు కాగితం మీద ముందే తేలిపోతే, పదకొండోదానికి ఫోన్ ఖాళీగా ఉంటుంది.

ఇప్పుడు అనేక విమానాశ్రయాల్లో స్ట్రిప్ కాగితం వదిలి తెర మీదికి వెళ్లింది. కంట్రోలర్ వేలితో దాన్ని జరిపితే పక్క తెరకు చేరుతుంది, రన్‌వే ఖాళీ లేకుండా అనుమతి ఇవ్వబోతే హెచ్చరిస్తుంది. ఇది నిజమైన మేలు. షిఫ్టు మారేటప్పుడు మాత్రం పాత పద్ధతే. దిగిపోయేవారు చీటీ చూసుకుంటూ ఒక్కో విషయం చెబుతారు, కొత్తవారు కూర్చున్నాక కూడా కొన్ని నిమిషాలు వెనుక నిలబడి గమనిస్తారు.

కొత్త యంత్రాలున్న చోట్ల పాత లైన్లను పట్టించుకోకపోవడం పెద్ద పొరపాటు. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో సైనిక హెలికాప్టర్, ప్రయాణికుల విమానం ఢీకొని 67 మంది మరణించారు. ఆ రాత్రి టవర్‌లో హెలికాప్టర్ల బల్లనూ విమానాల బల్లనూ ఒకే కంట్రోలర్ చూస్తున్నాడు. టవర్‌కూ పెంటగన్‌కూ మధ్య ఉన్న నేరు టెలిఫోన్ లైన్ 2022 మార్చి నుంచే పనిచేయడం లేదని ఆ తరువాత అమెరికా అధికారులే ఒప్పుకున్నారు. మూడేళ్లు ఒక లైన్ మూగబోయి ఉంటే ఎవరూ బాగుచేయలేదంటే, ఆ లైన్ అవసరాన్నే మరిచారన్నమాట.

అదే ఏడాది నవంబరులో ఢిల్లీలో విమానాల వివరాలను కంట్రోలర్ల బల్లలకు చేరవేసే సందేశ వ్యవస్థ చెడిపోయింది. యంత్రం పంపవలసిన ప్రయాణ వివరాలను సిబ్బంది చేత్తో తయారుచేసి పంచుకున్నారు. 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. ప్రమాదం మాత్రం ఒక్కటీ జరగలేదు.